సముద్రం మీద మామూళ్లు

వాస్కో డ గామా కాలికట్ చూసి వెళ్లాక, 1499లో పోర్చుగల్ రాజు మాన్యుయెల్ తనకు తానే ఒక బిరుదు తగిలించుకున్నాడు: ఇథియోపియా, అరేబియా, పర్షియా, భారతదేశాల జైత్రయాత్రకూ నౌకాయానానికీ వర్తకానికీ ప్రభువు. అప్పటికి ఆ నాలుగు చోట్లా ఆయనకు గజం నేల లేదు. బిరుదులకేం, మన జమీందార్లకీ బోలెడుండేవి. ఈయన దాన్ని నమ్మాడు, అదే చిక్కు.

నమ్మకం కాస్తా 'కార్తాజ్' అనే చీటీగా మారింది. ఓడ ఎంతటిది, ఓడ నడిపే నాఖుదా ఎవరు, ఆయుధాలెన్ని, పోయేదెక్కడికి, అన్నీ అందులో రాయించుకోవాలి. చీటీ ధర కొంచెమే. అసలు వసూలు తర్వాత: దారిలో పోర్చుగీసు కోట దగ్గర ఆగి సుంకం కట్టాలి. చీటీ లేదా, ఓడా సరుకూ వాళ్లవే. రౌడీ మామూలుకు రసీదు ఇచ్చిన మొదటి పెద్దమనుషులు వీళ్లేనేమో!

న్యాయం కావాలా? వాళ్ల చరిత్రకారుడు బారోస్ చెప్పాడు: సముద్రం అందరిదీ అన్న మాట నిజమే, కానీ యూరప్‌లో. ఇటువైపు ఉప్పు నీళ్లకు వేరే ధర్మశాస్త్రం.

అక్బర్ అంతటివాడి మేనత్త గుల్బదన్ బేగం హజ్‌కు బయల్దేరి, ఈ చీటీ కోసం సూరత్‌లో నెలల తరబడి పడిగాపులు పడింది. మచిలీపట్నం నుంచి ఎర్రసముద్రం వైపు పోయే గోల్కొండ ఓడలకూ అది తప్పలేదు. చీటీ ఉంటే భద్రమా అంటే, 1613లో జహంగీర్ తల్లి ఓడ రహీమీని చీటీ ఉండగానే పట్టుకుపోయారు.

డచ్చివాళ్లకు ఇది ఘోరమనిపించింది. సింగపూర్ దగ్గర 1603లో పోర్చుగీసు ఓడ సాంతా కాతరీనాను దోచుకున్నాక మరీ ఘోరమనిపించింది. ఆ దోపిడీని సమర్థించే పనిలో పుట్టిందే సముద్రం ఎవరి సొత్తూ కాదన్న డచ్చి న్యాయవాది గ్రోషియస్ వాదం, 1609లో పుస్తకంగా వచ్చింది. నాలుగేళ్లు తిరక్కముందే, మసాలా ద్వీపాల వర్తకం మాకే చెందాలని వాదించడానికి డచ్చి బృందం లండన్ వెళ్లింది. ఇంగ్లీషువాళ్లు ఆ పుస్తకాన్నే తీసి వాళ్ల ముందు వల్లించారు. గ్రోషియస్ ఆ బృందంలోనే ఉన్నాడు. పుస్తకం మీద మాత్రం రచయిత పేరు లేదు.