‘చెల్లెను జర తోల్కపో’: టీకా తాత్పర్య సహితము

అవతారిక

కోలాచల మల్లినాథసూరి మెతుకుసీమవాడు. ఆ సీమ మీదుగా వచ్చే మంజీరే 1931లో పూర్తయిన నిజాంసాగర్‌లో ఆగి, కాలువలెక్కి, మా బోధన్ చెరుకును పెంచింది. కనుక నీళ్ల వాటాతో పాటు టీకా రాసే హక్కులోనూ మాకు కొంత వాటా వచ్చిందని నా వాదం. ఆయన కాళిదాసుకు రాశాడు. నా వంతుకు కాళిదాసు మిగల్లేదు, మా అమ్మ మిగిలింది. మూలంలో లేనిది రాయనని, అక్కరకు రానిది చెప్పనని ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. అందులో మొదటి ఒట్టు మాత్రమే నేను పెట్టుకుంటున్నాను.

అమ్మ మాటకు వ్యాఖ్యానమేమిటన్న ఆక్షేపణ మా ఊళ్లో చెల్లదు. భారతంలోని ఏకచక్రపురం బోధనేనంటారు. బకాసురుడి గుర్తుగా చెప్పుకునే రాకాసిపేట ఇప్పటికీ ఉంది. కుంతి అయిదుగురు కొడుకులతో బస చేసి, బండెడు అన్నమిచ్చి భీముణ్ణి తోలింది ఇక్కడినుంచే. తర్వాత పాంచాలంలో, తల తిప్పకుండా ఆమె అన్న ఒక్క మాటను సమర్థించడానికి ఎన్ని తాటాకులు ఖర్చయ్యాయో అందరికీ తెలుసు. మా అమ్మ కూడా ఈ వాక్యాన్ని పొయ్యి దగ్గరినుంచి తల తిప్పకుండానే అన్నది.

మూలం

“నిఖత్ వస్తున్నదట గద. చెల్లెను జర తోల్కపో. చెయ్యి ఇడువకు. ఫోటో దిగినా దిగకున్నా పొద్దుగూకకముందే ఇంట్ల ఉండాలె.”

పాఠభేదాలు

చెల్లె పాఠంలో ‘ఫోటో దిగినా దిగకున్నా’ అన్నది కనబడదు. దాని చోట ‘ఫోటో దిగినంకనే’ అని ఉంది. స్వప్రయోజనం స్పష్టంగా కనబడుతున్నందున ఇది ప్రక్షిప్తమని తోసిపుచ్చాను. బాపు పాఠంలో ‘పైసలు అన్న దగ్గరనే ఉండనియ్యుర్రి’ అని ఒక పాదం ఎక్కువ. అది సాధువే గానీ, ఆ పైసలెన్నో ఏ ప్రతిలోనూ లేదు. నాయనమ్మ పాఠం ప్రశ్నరూపం: “ఎవలా పోరి? ఎవల బిడ్డ?”

ప్రతిపదార్థం

నిఖత్ = నిఖత్ జరీన్ అను బాక్సర్; 1996లో నిజామాబాద్‌లో పుట్టినది; 2011లో అంటల్యాలో జూనియర్ ప్రపంచ విజేత; 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ అమ్మాయి జిత్‌పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించి 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత; మరుసటి ఏడు ఢిల్లీలో 50 కిలోలలో మళ్లీ విజేత; 2024 నుంచి తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ. నాయనమ్మ ప్రశ్నకు జవాబు: జమీల్ అహ్మద్ బిడ్డ. ఇన్ని బిరుదులున్న వ్యక్తిని అమ్మ ఉత్త పేరుతో పిలవడం అగౌరవం కాదా? కాదు. మా నిజామాబాద్ జిల్లాలో పుట్టిన ఏ ఆడపిల్లయినా అమ్మకు పక్కింటి పిల్లే. చెల్లెకు మాత్రం సంబోధన పెద్ద చిక్కయింది. ఎదురుపడితే ‘అక్కా’ అనాలా, డీఎస్పీ కనుక ‘మేడం’ అనాలా, తన క్లాసులో షబానా అన్నట్టు ‘ఆపా’ అనాలా? మూడూ బస్సులో సాధన చేసింది. ముందు సీటాయన మూడుసార్లూ వెనక్కి తిరిగి చూశాడు.

వస్తున్నదట = వచ్చుచున్నదని వినికిడి. ‘ఎక్కడికి’, ‘ఎన్ని గంటలకు’ అన్నవి లోపించాయి. తార్కికులు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలే ఒప్పుకున్నారు. ఇక్కడి ‘అట’కు ఆధారం అయిదోది, వాట్సాప్ స్టేటస్. అది ఇరవైనాలుగు గంటల తర్వాత దానంతటదే మాయమవుతుంది గనుక ఖండించడానికీ వీలుండదు.

గద = నిశ్చయార్థకం. ‘అట’తో పుట్టిన సందేహాన్ని ‘గద’తో పూడ్చడం మా జిల్లా వాక్యనిర్మాణంలోని సొగసు.

చెల్లెను = నిన్ను రోజూ సతాయించు దానిని. ఇంకొక అన్వయం కూడా ఉంది. నలుగురు అక్కచెల్లెళ్లలో నిఖత్ మూడోది. అంటే ఇద్దరికి చెల్లె, ఒకరికి అక్క. చెల్లె అయి ఉండి అక్కగా కొలువబడే అర్హత ఆమెకు ఇంట్లోనే అబ్బిందని గ్రహించాలి. మా చెల్లె ఇందులోని మొదటి సగం మాత్రమే సాధించింది.

జర = కొంచెము. మనిషిని కొంచెం తీసుకుపోవడం ఎట్లా? చెల్లెను సగం బోధన్‌లో, సగం నిజామాబాద్‌లో ఉంచలేము కదా అని పూర్వపక్షం. సమాధానమేమంటే, ఈ ‘జర’ కర్మకు గానీ క్రియకు గానీ విశేషణం కాదు, చెప్పేవారి దయకు విశేషణం. పని ఎంత పెద్దదైతే దాని ముందు ‘జర’ అంత తప్పనిసరి. ‘జర నీళ్లు దే’ అంటే చెంబెడు. ‘జర పొలం దిక్కు పోయిరా’ అంటే పూట. ‘జర చెల్లెను తోల్కపో’ అంటే ఆదివారం గల్లంతు.

ఈ ‘జర’లో ఇమిడినవి చెప్తాను. బోధన్ బస్టాండులో బస్సు ఎక్కాలి. ఎడపల్లి, జానకంపేట దాటాలి. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చిన దగ్గరనుంచి ఆడవాళ్లకు జీరో టికెట్. దర్శనకాంక్ష చెల్లెది, టికెట్టు డబ్బులు అన్నవి. చెల్లె తన ఆధార్ కార్డును దేవుడి పటంలా రెండు చేతులా పట్టుకుని కండక్టరుకు చూపించింది. నేను నోటు తీసి ఇస్తే చిల్లర లేదన్నాడు. కిటికీ పక్క సీటు గురించి ఇంతకంటే రాయడం కుటుంబ గౌరవానికి భంగం.

తోల్కపో = తీసుకొనిపొమ్ము. పశువులకు వాడే ‘తోలు’ ధాతువిది అని కొందరు నొచ్చుకుంటారు. మా దగ్గర దేవుణ్ణి కూడా ఊరేగింపుకు తోల్కపోతారు గనుక నొచ్చుకోనక్కరలేదు.

ఇట్లా కావలసినవారిని దర్శనానికి తోల్కపోయిన చరిత్ర మా ఊరికే ఎక్కువ. జైనులు చెప్పే పౌదనపురం బోధనేనని ఒక మాట ఉంది. ఆదినాథుడి కొడుకుల్లో భరతుడు అన్న, బాహుబలి తమ్ముడు. పౌదనపురం ఆ తమ్ముడి రాజధాని. అక్కడి బాహుబలి విగ్రహాన్ని చూస్తేగానీ ముద్ద ముట్టనని గంగరాజుల మంత్రి చావుండరాయడి తల్లి పట్టుబట్టిందని, ఆమెను వెంటబెట్టుకుని ఆయన దక్షిణాన్నుంచి బయలుదేరాడని ఐతిహ్యం. దారి మధ్యలో, శ్రవణబెళగొళలో, ఇక ముందుకు పోయేది లేదని తేలింది. తల్లితో ‘దర్శనం కాలేదమ్మా, ఇంటికి పోదాం’ అనే ధైర్యం మంత్రికి కూడా లేకపోయింది. అక్కడి కొండనే చెక్కించి, 10వ శతాబ్ది చివర, 57 అడుగుల బాహుబలిని నిలబెట్టాడు. తోడుపోయినవాడి మీద పడే ఒత్తిడి ఎంతటిదో కొలవాలంటే ఆ విగ్రహాన్ని మించిన కొలబద్ద లేదు. అంత రాయి మా ఇద్దరికీ దొరకదు గనుక ఫోన్‌లో చార్జింగ్ నిండుగా పెట్టుకుని పోయాము.

కర్త: ఈ వాక్యంలో ‘నువ్వు’ లేదు. నిఖత్ ఉన్నది, చెల్లె ఉన్నది, ఫోటో ఉన్నది, పొద్దు కూడా ఉన్నది. మోసే నేను లేను. వ్యాకర్తలు దీన్ని అధ్యాహారమంటారు, పెద్దకొడుకులు బతుకంటారు. వచ్చేది నిఖత్ అయినా, చూసేది చెల్లె అయినా, వాక్యంలోని క్రియలు ఎక్కువ పాలు ఈ కనబడనివాడి మెడకే చుట్టుకున్నాయన్నది నా సిద్ధాంతం. తక్కిన టీకంతా దానికి ఉపపత్తి.

చెయ్యి ఇడువకు = గుంపులో తప్పిపోకుండా చేయి పట్టుకొని ఉండుము. ఇది వాచ్యార్థం. వ్యంగ్యార్థం లోతైనది.

నిఖత్ కథంతా చేతుల కథే. నిజామాబాద్ కలెక్టరేట్ గ్రౌండుకు తీసుకుపోయింది తండ్రి చెయ్యి. అన్ని ఆటల్లోనూ ఆడపిల్లలున్నారు, బాక్సింగులోనే ఎందుకు లేరని ఆ పిల్ల అడిగిందట. జవాబు చెప్పడానికి తండ్రి ఆమెను కోచ్ శంసముద్దీన్ దగ్గరికే తోల్కపోయాడు. నా లెక్కలో మన జిల్లా క్రీడాచరిత్రలో అతి ముఖ్యమైన ‘తోల్కపోవుట’ ఇదే. 2017లో భుజం తప్పి ఆపరేషన్ దాకా వచ్చింది. ఆపై 2019 వచ్చింది. ఏ మేరీ కోమ్‌ను చూసి ఎదిగిందో, ఆ మేరీ కోమ్‌తోనే ఒలింపిక్ క్వాలిఫయర్‌కు ట్రయల్ పెట్టమని అప్పటి క్రీడామంత్రి కిరెన్ రిజిజుకు ఉత్తరం రాయవలసి వచ్చింది. డిసెంబరులో పోటీ జరిగింది, 9-1తో మేరీ కోమ్ గెలిచింది. బౌటు అయ్యాక నిఖత్ చెయ్యి కలపబోతే ఆమె కలపలేదు.

అభిమాన దైవాన్ని కలవడమంటే సెల్ఫీ అనుకునేవాళ్లు ఈ ఘట్టం దగ్గర కాస్త ఆగాలి. ఇక్కడ భక్తురాలు గ్లవ్స్ తొడుక్కుని వెళ్లింది, దెబ్బలు తిన్నది, కరచాలనం లేకుండా తిరిగొచ్చింది. పెద్దామె కోపానికీ కారణాలుండవచ్చు. ఎవరిది ఒప్పన్నది టీకాకారుడి పని కాదు. కానీ చిన్నదాని చెయ్యి గాలిలో ఉండిపోయిన క్షణం మటుకు పెద్దపిల్లగా పుట్టిన ఎవరికైనా గుచ్చుకుంటుంది. రెండున్నరేళ్లకు ఇస్తాంబుల్‌లో రిఫరీ అదే చేతిని పైకెత్తాడు. ‘చెయ్యి ఇడువకు’ అన్నప్పుడు అమ్మకు ఇదంతా తెలుసా అంటే తెలియదు. కవికి తెలియనిది వ్యాఖ్యాతకు తెలియడం మన సంప్రదాయమే.

ఫోటో దిగినా దిగకున్నా = ఫలాపేక్ష లేక. గీతాసారమని తొందరపడరాదు. ఫోన్‌లో జాగా లేదని అమ్మ భయం, అంతే.

ఇక్కడొక సందేహం: ప్రపంచ విజేతకు ఫోటో పిచ్చి ఎట్లా అర్థమవుతుంది? బాగా అర్థమవుతుంది, ఆమె కూడా ఆ వరుసలో నిలబడినదే గనుక. ఇస్తాంబుల్‌లో గెలిచిన కొత్తలో సల్మాన్ ఖాన్‌ను కలవాలన్నది తన కల అని ఆమె చెప్పింది. ఆయన అభినందిస్తూ, నన్ను మాత్రం నాకౌట్ చెయ్యకు, నా హీరో సిల్వెస్టర్ స్టాలోన్ లాగ గుద్దుతూ ఉండు అన్న అర్థంలో ట్వీట్ చేశాడు. 2022 నవంబరులో ఇద్దరూ కలిసి ‘లవ్’ సినిమాలోని పాటకు చిన్న వీడియో చేశారు. ఆ 1991 సినిమా మన వెంకటేశ్ ‘ప్రేమ’కు హిందీ రూపం. పాడినవాళ్లు మన బాలు, చిత్ర.

అన్వయం చూడండి. మా చెల్లెకు నిఖత్, నిఖత్‌కు సల్మాన్, సల్మాన్‌కు స్టాలోన్. స్టాలోన్‌కు ఎవరు? 1975లో మహమ్మద్ అలీ ఎదుట పదిహేనో రౌండు దాకా నిలబడ్డ చక్ వెప్‌నర్‌ను చూసి ఆయన ‘రాకీ’ రాశాడు. అంటే తిరిగి తిరిగి మళ్లీ బాక్సర్ దగ్గరికే వచ్చాము. ఆలంకారికులకు ఏకావళి అనే అలంకారం తెలుసు. గొలుసు చివర మొదటి కొక్కానికే తగులుకుంటే దాన్నేమనాలో వాళ్లు చెప్పలేదు. మేము మటుకు కలెక్టరేట్ గ్రౌండు గేటు దగ్గర నిలబడ్డాము గనుక ప్రస్తుతానికి ‘క్యూ’ అందాం.

మరి దర్శనమైందా? మూలం ఈ విషయంలో మౌనం, నా ఒట్టు ఉండనే ఉంది. అయినా పాఠకుడి ఆత్రాన్ని బట్టి ఇంట్లో ప్రచారంలో ఉన్న రెండు పాఠాలు ఇస్తున్నాను. చెల్లె పాఠం: తెల్ల కారులోంచి దిగినామె నిఖతే. అన్న పాఠం: తెల్ల కారులోంచి దిగినామె కలెక్టరేటులో పనిచేసే ఎవరో మేడం, ఎత్తు కూడా కలవదు. ఫోటో ఒకటుంది. అందులో నా వేలే స్పష్టంగా పడింది.

పొద్దుగూకకముందే = సూర్యాస్తమయమునకు మునుపే. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ నిజాం షుగర్స్ నడిచినన్నాళ్లు మా బోధన్ శక్కర్‌నగర్‌లో పొద్దు షిఫ్టును బట్టి ఉండేది. రాత్రి షిఫ్టు దిగినవాడికి తెల్లారితేనే పొద్దుగూకినట్టు. 2015 డిసెంబరులో మిల్లు మూతపడ్డాక అందరికీ ఒకే సూర్యుడు మిగిలాడు. అమ్మ మాత్రం ఇంకా షిఫ్టు లెక్కనే పాటిస్తుంది. లేటైతే హాజరు పడదు.

ఇంట్ల ఉండాలె = ఇద్దరూ. ఈ ‘ఇద్దరూ’ మూలంలో లేదు. కానీ చెల్లె ఒక్కతే ఇల్లు చేరి, నేను చేరకపోతే వాక్యం పూర్తయినట్టేనా అని అడిగి చూశాను. అమ్మ చాలాసేపు ఆలోచించింది.

తాత్పర్యం

ఓయి పెద్దకొడుకా! ప్రపంచ విజేత వచ్చెనో రాలేదో నాకు పట్టదు. పోయిన వస్తువు పోయినట్టే తిరిగి రావలెను.

గద్య

ఇది శ్రీమన్మంజీరా కాలువ జల పరిపోషిత, శక్కర్‌నగర వాస్తవ్య, జీరో టికెట్ అనర్హ, చిల్లర విరహిత, స్వాంగుళీ ఛాయాగ్రహణ విశారద, జ్యేష్ఠభ్రాతృ ప్రణీతంబైన ‘బస్టాండు వ్యాఖ్య’ యందు ప్రథమ భాగము సమాప్తము. తమ్ముడు సినిమా షూటింగు చూపించమని ఏడ్చిన దినమున ద్వితీయ భాగము ఆరంభమగును.