రుచికి ఊరుండేది

మా రోజుల్లో తిండికి ఊరుండేది. గిన్నెలోని పప్పు ఏ చేనిదో, రొట్టెలోని జొన్న ఏ గుమ్మిలోంచి తీసిందో మా అమ్మ చెప్పేది. ఇప్పుడు గిన్నె నిండా తిని లేచినా ఏం తిన్నామో చెప్పలేకపోతున్నాం.

మొన్న మా మనుమడు వచ్చి నన్ను పూడూరు నుంచి బీజాపూర్ రోడ్డు మీదుగా పట్నం తీసుకుపోయాడు. గచ్చిబౌలి వైపు ఒక జపాన్ హోటల్. చెక్క బల్లలు, కాగితం లాంతర్లు. వడ్డించేవాడు దగ్గరికి వచ్చి ఏం కావాలని అడగడు. బల్ల మీది గుర్తును ఫోనుకు చూపించి మనమే వెతుక్కోవాలి. మనుమడు రెండు గిన్నెలు చెప్పాడు. ఒకటి మిసో రామెన్. రెండోది ఉడోన్ నూడుల్స్‌కు షెజ్వాన్ సాస్ పట్టించి పైన చీజ్ చల్లింది. దాన్ని ఫ్యూజన్ అంటారట. ఒక్కో గిన్నె 600 రూపాయలు.

మొదటి గిన్నె గురించి నాకు పేచీ లేదు. మిసో అంటే సోయా గింజలను ఉడికించి, ఉప్పు కలిపి, బూజు పట్టిన బియ్యంతో నెలల తరబడి మాగబెట్టిన ముద్ద. మా ఇంట్లో చింతకాయ తొక్కు జాడీలో అట్లాగే మాగేది. తొందరపడి మూత తీస్తే అమ్మ కోప్పడేది. ఆ ఓపిక రుచి ఏ దేశానిదైనా నాలుక గుర్తుపడుతుంది. "తాతా, చప్పుడు చేసుకుంటనే జుర్రుకోవాలె, జపాన్‌ల అది తప్పు గాదు" అన్నాడు మనుమడు. మేము అంబలి జుర్రుకుంటే పట్నంవాళ్లు మోటు అన్నారు. అదే చప్పుడు జపాన్ నుంచి వస్తే పద్ధతయింది. ఇది నాకు బాధగానే ఉంది.

రెండో గిన్నెతోనే నా తగవు. అందులో జపాన్ లేదు, చైనా లేదు, మనమూ లేము. కారం, వెన్న, చీజ్ మూడూ కలిసి ఉడోన్‌లోని గోధుమ రుచిని మింగేశాయి.

కలపడం తప్పని నేననను. రామెన్ కూడా కలగలుపు తిండే. చైనా నుంచి వచ్చిన నూడుల్స్ అది. 1910లో టోక్యోలోని అసకుసాలో రాయ్‌రాయ్‌కెన్ అనే హోటల్ పెట్టి, చైనా వంటవాళ్లతో వండించి జనానికి అలవాటు చేశారు. కానీ జపాన్‌వాళ్లు అక్కడ ఆగలేదు. సప్పోరో వాళ్లు మిసో కలిపి తమది చేసుకున్నారు. హకాటా వాళ్లు పంది ఎముకలు గంటలకొద్దీ మరిగించి తమది చేసుకున్నారు. వచ్చిన తిండికి ఊరిచ్చారు. మనం ఉన్న తిండికి ఊరు లేకుండా చేసుకుంటున్నాం.

మాకు నూడుల్స్ తెలియవా? ఎండాకాలం వస్తే వాడకట్టు ఆడవాళ్లంతా ఒకచోట కూచుని గోధుమపిండి ముద్దను చేత్తో సన్నని దారంలా తీసేవాళ్లు. నులకమంచం మీద గుడ్డ పరిచి ఆ సేమియాలు ఆరేసేవాళ్లు. పండుగ పూట అవే పాయసం. 1983లో మన దేశానికి రెండు నిమిషాల మ్యాగీ వచ్చింది. తర్వాత తర్వాత ఆ మంచాలు ఖాళీ అయ్యాయి.

జొన్నరొట్టెదీ అదే గతి. ఉడుకునీళ్లు పోసి పిండి పిసికి, పీట మీద టపటపా కొట్టి, పెనం మీద వేసి తడిచేత్తో తుడిచి, నిప్పుల మీద పొంగించాలి. ఆ చప్పుడుతోనే మాకు ఆకలయ్యేది. పొద్దున ఆ రొట్టెలో పుంటికూర, పచ్చిమిరప తొక్కు. పండుగకు ఉడికించిన పప్పు మీది తేట వంచి కాచిన కట్టుచారు. హోటల్లో మిసో చారు నోట్లో పెట్టుకోగానే నాకు గుర్తొచ్చింది ఆ కట్టుచారే.

పక్కనే ఉన్న తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నల్లరేగడి, దాని కింది సున్నపురాయి ఇచ్చిన రుచి ఇంకెక్కడా రాదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. మా వికారాబాద్ జిల్లా పిల్లలకు రామెన్‌లో రకాలు తెలుసు, ఈ సంగతి తెలియదు. తప్పు వాళ్లది కాదు. వండి పెట్టని మాది, చెప్పని మాది.

హోటళ్లు నడిపే బిడ్డలారా, కలపాలనుకుంటే కలపండి. తాండూరు కంది కట్టులో నూడుల్స్ వేయండి, పుంటికూర వేయండి. ఏది ఎక్కడిదో తినేవాడికి చెప్పండి. తల్లిదండ్రులారా, పిల్లలను జపాన్ హోటల్‌కు తీసుకుపోండి, వద్దనను. కానీ అంతకంటే ముందు వాళ్ల చేత ఒక్క జొన్నరొట్టె కొట్టించండి. తన రుచి తెలిసినవాడికే ఎదుటివాడి రుచి తెలుస్తుంది.