మధ్య ఫ్రేము కథ

యానిమేషన్‌లో మధ్య ఫ్రేము రెండు కీ ఫ్రేముల నడుమ పుడుతుంది. పాత్ర కదలికలోని ముఖ్య భంగిమలు కీ ఫ్రేములు. ఒక భంగిమ నుంచి మరో భంగిమకు చేర్చేవి మధ్య ఫ్రేములు. సినిమా తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. వాటిలో కీ ఫ్రేములు కొన్నే, తక్కినవన్నీ దీని తోబుట్టువులే.

మొదట దీన్ని కన్నది మనిషి చెయ్యి. సీనియర్ యానిమేటర్ కీలక భంగిమలు గీసిస్తే, ఇన్‌బిట్వీనర్లు లైట్ టేబుల్ మీద కాగితాలు ఒకదానిపై ఒకటి పేర్చి నడిమి బొమ్మలు గీసేవారు. ఈ పనిని కంప్యూటర్‌తో చేయించినవారిలో కెనడా జాతీయ పరిశోధన మండలికి చెందిన నెస్టర్ బర్ట్‌నిక్, మార్సెలీ వైన్ ముఖ్యులు. వారి పద్ధతితో పీటర్ ఫోల్డెస్ తీసిన లఘుచిత్రం ‘హంగర్’కు 1974లో కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి వచ్చింది.

కంప్యూటర్ చేతిలో దీని పుట్టుకకు అన్నిటికన్నా సులువైన దారి సరళరేఖ: రెండు స్థానాలకు సగటు తీయడం. అయితే కిందికి వేలాడే చేతిని అడ్డంగా చాచాలంటే ఈ లెక్క తప్పుతుంది. వేలి కొస తిన్నగా ప్రయాణిస్తే సగం దారిలో చెయ్యి అసలు పొడవులో 71 శాతానికి కుంచించుకుపోతుంది. అందుకే స్థానాన్ని కాక కీలు తిరిగే కోణాన్ని లెక్కించాలి. కోణాల్లోనూ చిక్కుంది: 350 డిగ్రీలకూ 10 డిగ్రీలకూ సగటు 180, తిరగాల్సింది 20 డిగ్రీలే అయినా చెయ్యి వెనక్కి చుట్టి వస్తుంది. మూడు దిశల్లో తిరిగే కీళ్లకు దగ్గరి దారి పట్టే క్వాటర్నియన్ పద్ధతిని కెన్ షూమేక్ 1985లో యానిమేషన్‌కు తెచ్చాడు.

దారి కుదిరాక కాలం కుదరాలి. బరువున్న శరీరం ఒక్కసారిగా వేగం అందుకోదు. అందుకే ఏ సమయానికి ఎంత కదలాలో చూపే గ్రాఫ్‌లో యానిమేటర్ వంపు గీస్తాడు. మెల్లగా మొదలై మెల్లగా ఆగే ఒక మామూలు వంపులో, పావు వంతు సమయం గడిచేసరికి కదలిక సుమారు 16 శాతమే పూర్తవుతుంది. పాత్రకు బరువు, తొందర, సంకోచం వచ్చేది కదలికను కాలంలో ఇలా పంచడం వల్లే.

నడకలో నేల మీద ఆనిన పాదం మధ్య ఫ్రేముల్లో జారకూడదు. అందుకు పాదాన్ని కదలకుండా ఉంచి, మోకాలు, తుంటి కోణాలను వెనక్కి లెక్కగడతారు.

ఇప్పుడు మోషన్ క్యాప్చర్‌తో నమోదైన అసలు కదలికల నుంచి నేర్చుకున్న న్యూరల్ నెట్‌వర్కులు కీ ఫ్రేములు దూరదూరంగా ఉన్నా నడిమి కదలికను పూరిస్తాయి. పాత్ర ఉద్దేశం మాత్రం వాటికి తెలియదు. అది తప్పిన చోట యానిమేటర్ మరో కీలక భంగిమ పెడతాడు. దానికి ఇరువైపులా మధ్య ఫ్రేములన్నీ కొత్తగా లెక్కకొస్తాయి.