హెలికాప్టర్‌లోంచి రాలే చదువు

2005 నవంబరులో ట్యునీషియా రాజధాని ట్యునిస్‌లో ఐక్యరాజ్యసమితి సమాచార సమాజ శిఖరాగ్ర సభ జరిగింది. ఎంఐటీ మీడియా ల్యాబ్‌ను స్థాపించిన నికొలాస్ నెగ్రోపాంటే అక్కడొక ఆకుపచ్చ ల్యాప్‌టాప్‌ను లోకానికి చూపించాడు. కరెంటు లేని ఊళ్ళలో పిల్లలే తిప్పుకుని చార్జింగ్ పెట్టుకునేలా దానికి ఒక పిడి బిగించారు. సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ ముచ్చటపడి ఆ పిడి తిప్పారు. అది ఊడి చేతిలోకి వచ్చింది.

సభలో ఎవరూ దాన్ని అపశకునంగా తీసుకోలేదు. తీసుకుని ఉంటే కొన్ని పేద దేశాల ఖజానాలకు కోట్ల డాలర్లు మిగిలేవి. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పెట్టె తయారుకాకముందే దాని పేరూ ధరా ఊరూవాడా మోగిపోయాయి: వంద డాలర్ల ల్యాప్‌టాప్! 2007 చివర్లో ఫ్యాక్టరీ గడప దాటేసరికి ధర రెండు వందల డాలర్ల దగ్గర తేలింది. పిడి మాత్రం రానేలేదు. ఎలాగూ ఊడేదే కదా అనుకున్నారో ఏమో.

‘పిల్లకొక ల్యాప్‌టాప్’ అనే ఈ ఉద్యమానికి ఒక సిద్ధాంతం కూడా ఉంది. పిల్లలు పుట్టు మేధావులట. చేతికి పెట్టె ఇస్తే చాలు, తమంతట తామే నేర్చేసుకుంటారు, తోటివాళ్ళకు నేర్పేస్తారు. పంతులుగారు ఉంటే మంచిదే, లేకపోయినా కొంపేమీ మునగదు. 2011కల్లా నెగ్రోపాంటే ఇంకాస్త ముందుకెళ్ళి, మారుమూల ఊళ్ళ మీద హెలికాప్టర్లలోంచి ట్యాబ్లెట్లు జారవిడుద్దాం, ఏడాది తర్వాత వచ్చి చూద్దాం అన్నాడు. గోదావరి పొంగినప్పుడు లంక గ్రామాల మీద పులిహోర పొట్లాలు జారవిడిచే పద్ధతి తెలుగువాళ్ళకు తెలిసిందే. పొట్లం విప్పితే ఆ పూటకు ఆకలి తీరుతుంది గనక అక్కడ అది పనికొస్తుంది.

మరుసటి ఏడాది ఇథియోపియాలో రెండు ఊళ్ళకు సీలు వేసిన డబ్బాల్లో ట్యాబ్లెట్లు పంపారు. ఎలా వాడాలో చెప్పే మనిషిని పంపలేదు. అయిదు నెలల్లో పిల్లలు ఆండ్రాయిడ్‌ను ఛేదించి, మూసిపెట్టిన కెమెరాను తెరిచేశారని నెగ్రోపాంటే ఒక సదస్సులో ప్రకటించాడు. పిల్లలు అసాధ్యులే, కాదనేవారెవరు? మన ఇళ్ళలో నాలుగేళ్ళ పిల్లాడు తాతయ్య ఫోన్ లాక్ తీసి యూట్యూబ్ పెట్టేసుకోవడం లేదూ! అయితే తాతయ్యెవరూ మనవడికి చదువు వచ్చేసిందని బడి మాన్పించలేదు.

పెరూ దేశం మాత్రం పిల్లలు తమంతట తామే నేర్చుకుంటారన్న మాటను అంతకుముందే నమ్మింది. ఆండీస్ కొండల్లోని పల్లె బళ్ళతో మొదలుపెట్టి, కొన్నేళ్ళలో సుమారు 9 లక్షల ల్యాప్‌టాప్‌లు కొని పంచింది. అంతర్ అమెరికా అభివృద్ధి బ్యాంకు పరిశోధకులు 319 గ్రామీణ ప్రాథమిక బళ్ళను పట్టి పరీక్షించారు. పథకం అందిన బళ్ళలో తలకు 0.12గా ఉన్న కంప్యూటర్ల లెక్క 1.18కి ఎగబాకింది. అంటే పిల్లకొకటి పోను ఇంకా మిగిలాయన్నమాట. ఇంత కంప్యూటర్ల పంట పండినా పదిహేను నెలలకు లెక్కల్లోనూ భాషలోనూ ఫలితాలు అంగుళం కదల్లేదు. ఆలోచనా సామర్థ్యాన్ని చూసే కొన్ని పరీక్షల్లో కాస్త మెరుగు కనిపించిందని వాళ్ళే రాశారు. ఆ మాట దాచడం న్యాయం కాదు. కానీ అంత డబ్బు పోసింది ఆ కాస్త కోసం కాదు.

ఎందుకలా జరిగిందంటే, ఆ బళ్ళలో ఇంటర్నెట్ దాదాపు లేదు. ఉపాధ్యాయులకు ఇచ్చిన శిక్షణ కొద్ది రోజులు. పాఠంలో ఈ పెట్టెను ఎక్కడ ఇమడ్చాలో ఎవరూ చెప్పలేదు. అన్నిటికంటే ముచ్చటైనది మరొకటుంది. పెట్టె రాత్రీపగలూ పిల్లల దగ్గరే ఉండాలన్నది ఉద్యమం పెట్టిన షరతు. తీరా చూస్తే సగానికి పైగా పిల్లలు ల్యాప్‌టాప్‌ను ఇంటికే తీసుకెళ్ళలేదు. పోతే, పగిలితే ఎవరు కట్టుకోవాలన్న భయం అడ్డుపడింది.

ఈ భయం తెలుగునాట ఏ ప్రధానోపాధ్యాయుడికీ వివరించి చెప్పనక్కర్లేదు. బడికి వచ్చిన ప్రతి వస్తువూ స్టాక్ రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. బదిలీ అయితే వచ్చేవారికి ఒక్కొక్కటీ లెక్కచూపి చార్జి అప్పగించాలి. ఒక మౌస్ తగ్గితే ఆడిట్‌లో రాస్తారు. ఆ మౌస్‌ను ఏడాదంతా ఒక్క పిల్లా ముట్టుకోలేదని ఏ ఆడిటరూ రాసిన పాపాన పోలేదు. అందుకే కంప్యూటర్ గదికి తాళం, ఆ తాళంచెవి బీరువాలో, బీరువా తాళంచెవి హెచ్‌ఎం సారు జేబులో, సారు డీఈవో ఆఫీసు మీటింగులో. గది తలుపు తీసి చూస్తే కీబోర్డుల మీద ప్లాస్టిక్ కవర్లు కొన్ననాటి మెరుపుతోనే ఉంటాయి. యూపీఎస్ బ్యాటరీ మాత్రం ఎప్పుడో కన్నుమూసి ఉంటుంది. దాన్ని మార్చడానికి డబ్బు ఏ పద్దులోంచి తియ్యాలో తెలియక అలాగే వదిలేశారు.

అసలు గుట్టు ఇక్కడే ఉంది. పెట్టె కొనేది ఒక్కసారి. దానికి టెండరు ఉంటుంది, సభ ఉంటుంది, రిబ్బన్ ఉంటుంది, మర్నాడు పత్రికల్లో ఫుల్‌పేజీ ప్రకటన ఉంటుంది. నెట్ బిల్లు కట్టాల్సింది నెలనెలా. దానికి ఫోటో ఉండదు. బ్యాటరీ మార్పిడికి శిలాఫలకం వేయించుకున్న మంత్రి ఇంతవరకూ పుట్టలేదు.

అలాగని మన దేశం మొదట్లోనే మోసపోయిందనుకోకండి. 2006లో ఈ ల్యాప్‌టాప్ బేరం గుమ్మంలోకి వస్తే కేంద్ర మానవ వనరుల శాఖ, బోధనాపరంగా ఇది అనుమానాస్పదమంటూ వద్దు పొమ్మంది. బళ్ళూ టీచర్లూ ముందు కావాలని గట్టిగానే చెప్పింది. భేష్ అనాల్సిన నిర్ణయం. కానీ ఆ నోటితోనే అదే శాఖ, మీది వంద డాలర్లయితే మాది పది డాలర్లకే అంది! 2009 ఫిబ్రవరిలో తిరుపతిలో, సాక్షాత్తూ ఏడుకొండలవాడి పాదాల చెంత, అప్పటి మంత్రి అర్జున్ సింగ్ చేతుల మీదుగా జాతీయ డిజిటల్ విద్యా మిషన్‌ను ప్రారంభించి ఆ వస్తువును ఆవిష్కరించారు. ప్రపంచ మీడియా ఎగబడి చూస్తే, దానికి తెరా లేదు, కీబోర్డూ లేదు. పాఠాలు దాచుకునే నిల్వ పెట్టె మాత్రమే. పేరు సాక్షాత్!

మూడేళ్ళు తిరక్కుండానే ‘ఆకాశ్’ దిగింది. 2011 అక్టోబరు 5న కపిల్ సిబల్ దాన్ని ప్రపంచంలోకెల్లా చవకైన ట్యాబ్లెట్‌గా విడుదల చేశారు. ప్రభుత్వానికి పడిన ధర 2,276 రూపాయలు. మొదటి విడత బిగింపు జరిగింది హైదరాబాద్‌లోనే గనక మనకూ కొంత గర్వపడే వాటా ఉంది. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, గట్టిగా నొక్కితే తప్ప పలకని తెర, రెండు మూడు గంటలకే సొమ్మసిల్లే బ్యాటరీ. పరీక్షించిన ఐఐటీకీ తయారుచేసిన కంపెనీకీ నాణ్యత ప్రమాణాల మీద తగవు, ఆ కంపెనీకీ హైదరాబాద్‌లో బిగించిన సంస్థకీ మరో తగవు. తగవులు తెగేలోపు రెండో రకం ఆకాశ్ తయారైంది. 2012 నవంబరులో న్యూయార్క్‌లో దాన్ని ప్రదర్శించినప్పుడు పక్కన నిలబడింది ఎవరనుకున్నారు? మళ్ళీ ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శే. ఈసారి బాన్ కీ మూన్. చవక కంప్యూటర్లకూ ఆ పదవికీ ఏదో రుణానుబంధం ఉన్నట్టుంది. దీనికి పిడి లేదు గనక ఏమీ ఊడలేదు.

ఈ రోగం కంప్యూటర్‌తో పుట్టింది కూడా కాదు. బళ్ళలో పుస్తకాలకు కాలం చెల్లుతుంది, ఇక అన్నీ సినిమాలే నేర్పుతాయని థామస్ ఎడిసన్ 1913లోనే జోస్యం చెప్పాడు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నాసా ఉపగ్రహం ఏటీఎస్-6ను అరువు తెచ్చుకుని, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు చూపించారు. ఇస్రో ఇంజినీర్లు దాన్నుంచి బోలెడంత నేర్చుకున్నారు. గడువు తీరగానే అమెరికా తన ఉపగ్రహాన్ని తాను జరుపుకుంది. చాలా పల్లెల్లో పెట్టె మిగిలింది, పాఠం పోయింది. 1984లో కొన్ని వందల హైస్కూళ్ళకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు, 2004లో శ్రీహరికోట నుంచి చదువు కోసమే ఒక ఉపగ్రహం. ప్రతిసారీ మాట ఒకటే, ఇక టీచర్ల కొరత తీరినట్టే అని.

ఇక ఈమధ్య సంగతి. 2022 డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి పుట్టినరోజున, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ళ టీచర్లకూ ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. మొత్తం 5 లక్షల 18 వేలకు పైచిలుకు ట్యాబ్‌లు, ఖర్చు 686 కోట్లు. లోపల బైజూస్ పాఠాలు. పెట్టెతోపాటు తెలుగులో కూడా పాఠం ఉండటం, టీచర్‌నూ లెక్కలో వేసుకోవడం పెరూ కంటే నయమే. కాకపోతే ఆ పాఠాల కంపెనీ 2024 జూలైకల్లా తానే దివాలా ప్రక్రియలో కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. పిల్లవాడి పదో తరగతి పూర్తికాకముందే పాఠం చెప్పే సంస్థకు పరీక్షలొచ్చిపడితే, ఆ పిల్లవాడు ఎవరిని అడగాలి?

అసలు మన బళ్ళలో ఇంటర్నెట్‌కు అన్నిటికంటే ఎక్కువ పని కల్పించింది పాఠాలు కాదు, ఫోటోలు. మరుగుదొడ్డి శుభ్రంగా ఉందని ఫోటో తీసి యాప్‌లో ఎక్కించడం, మధ్యాహ్న భోజనం వడ్డించినట్టు మరో ఫోటో. 2022 ఆగస్టులో టీచర్ల హాజరుకు ముఖ గుర్తింపు యాప్ వచ్చింది. అదీ సొంత ఫోన్లో, సొంత డేటాతో. సిగ్నల్ అందని ఊళ్ళో సమయం మించిపోకుండా ముఖం చూపించాలని సెల్ ఎత్తిపట్టుకుని మేస్టారు గ్రౌండంతా తిరుగుతుంటే, తొమ్మిదో తరగతి పిల్లలు కిటికీలోంచి చూసి నవ్వుకున్నారు. ఉపాధ్యాయ సంఘాలు గొడవ చేశాయి. గొడవ చెయ్యకపోతే ఆశ్చర్యపడాలి. డిజిటల్ విద్య అంటే మరుగుదొడ్డి ఢిల్లీకైనా కనపడటం, పిల్లకు మాత్రం ఎక్కం రాకపోవడం అన్న స్థితికి వచ్చాం.

దేశం మొత్తమ్మీద బళ్ళ గురించి కేంద్రం సేకరించే యూడైస్ 2023–24 లెక్కల ప్రకారం 53.9 శాతం బళ్ళలో ఇంటర్నెట్ ఉంది. రెండేళ్ళ ముందు 33.9 శాతమే. మంచి పెరుగుదలే, ఒప్పుకోవాలి. ప్రపంచ స్థాయిలో ప్రాథమిక బళ్ళలో 40 శాతానికే నెట్ ఉందనీ, నాలుగింట ఒక బడికి కరెంటే లేదనీ యునెస్కో 2023 నివేదిక చెప్పింది. తీగ లాగడం అవసరమే. తీగ లాగాక చదువు దానంతటదే పారుతుందన్న చోటే పేచీ.

పని జరిగిన చోట్లు కూడా ఉన్నాయి. ఢిల్లీలో ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలకు సాయంత్రం పూట కంప్యూటర్ ట్యూషన్ పెట్టి, చోటు కోసం లాటరీ తీశారు. అయిదు నెలలైనా నిండకముందే లాటరీ తగిలిన పిల్లలు లెక్కల్లో మిగతావాళ్ళకంటే రెట్టింపు నేర్చుకున్నారని 2019లో అచ్చయిన పరిశోధన చెబుతోంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో మాయలేదు. ఆరో తరగతి పిల్లకు నిజంగా వచ్చింది మూడో తరగతి లెక్కలైతే, సిగ్గుపడకుండా అక్కడి నుంచే మొదలుపెట్టింది. సగం సమయం చిన్న బృందాలకు మనుషులే పాఠం చెప్పారు. కేరళ 2001 నుంచే ముందు టీచర్లకు నేర్పి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో బళ్ళను నడిపించింది. పెరూలాగే ల్యాప్‌టాప్‌లు పంచిన ఉరుగ్వే, మార్కులు కదలకపోయేసరికి ఇంగ్లిష్ చెప్పే టీచర్లను వీడియో తెర మీదికి తెచ్చి తరగతి గదిలో నిలబెట్టింది. గోడకు కన్నం పెట్టి కంప్యూటర్ బిగిస్తే పిల్లలు వాళ్ళే నేర్చుకుంటారని 1999లో ఢిల్లీ కాల్కాజీలో చూపించి జగత్ప్రసిద్ధుడైన సుగతా మిత్రా చివరికేం చేశాడు? ఇంగ్లండ్‌లో ఉన్న అమ్మమ్మల్ని బతిమాలి స్కైప్‌లో హైదరాబాద్ బళ్ళ పిల్లలతో మాట్లాడించాడు. మనిషి అక్కర్లేదన్న సిద్ధాంతం తిరిగి తిరిగి అమ్మమ్మ ఒడికే చేరింది.

అంచేత, ఈసారి మీ ఊరి బడిలో ట్యాబ్‌ల పంపిణీకి పిలుపొస్తే తప్పకుండా వెళ్ళండి, చప్పట్లు కొట్టండి, స్వీటు తినండి. ఆర్నెల్ల తర్వాత పిలవకపోయినా మరోసారి వెళ్ళండి. పాఠశాల యాజమాన్య కమిటీలో మీ పిల్లల తరఫున ఉన్నవాళ్ళను వెంటబెట్టుకుని, ఎన్ని వెలుగుతున్నాయో, నెట్ బిల్లు ఎవరు కడుతున్నారో, చెడినవాటిని ఎవరు బాగుచేస్తున్నారో, ఏ టీచరు ఏ పీరియడ్‌లో వాడుతున్నారో అడగండి. నోటిమాటకు జవాబు రాకపోతే కాగితం మీద అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో మండల స్థాయి ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు ఫీజు 5 రూపాయలు.