ఫోను సేద్య పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. ఫోనులోన సాగు పొలమెంత ముద్దురో
రెండు నిమిషములకె పండు పైరు
తేమ కొలత లేదు తెగులన్న మాటేది
కౌలు బాకి లేదు కరువు రాదు

అవతారిక: బెజవాడ అపార్టుమెంట్లలో భోజనాలయ్యాక ఫోను ముందు తలవంచి కోతలు కోసే గృహస్థులను ఉద్దేశించినది. పద్యకర్త, వ్యాఖ్యాత ఒక్కరే గనుక పాఠాంతరాల బెడద లేదు.

టీక: ఫోనులోన సాగు పొలము = ఫిన్లాండు కంపెనీ సూపర్‌సెల్ 2012లో విడుదల చేసిన హే డే ఆటలోని వంటిది; ఎంత ముద్దురో = ఆవు పేడ వేయదు, కాలికి బురద అంటదు, అందుచేత ముద్దు; రెండు నిమిషములకె పండు పైరు = గోధుమ. ఇచ్చట అతిశయోక్తి అని తొందరపడరాదు. ఆ ఆటలో గోధుమ పంటకాలం నిజంగా 2 నిమిషాలే గనుక ఇది స్వభావోక్తి. బాపట్లలో పుట్టిన సాంబా మసూరికి, అనగా బీపీటీ 5204కు, దాదాపు 5 నెలలు పట్టును.

తేమ కొలత = కొనుగోలు కేంద్రంలో గుప్పెడు గింజలు యంత్రంలో పోసి 17 శాతం దాటినదా అని చూచుట. దాటినచో రైతు ముఖం వాడుట. ఆటలో అంగడి పెట్టుకున్నవాడు హద్దులోపల తన సరుకు ధర తానే రాసుకొనును. నచ్చని ఆర్డరును చెత్తబుట్టలో వేయును. మిల్లరు మాటకు తలూపవలసిన పని లేదు. కరువు రాదు = తుపానూ రాదని గ్రహించేది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్లలో పడుకున్నది. హే డేలో పండిన పైరు యజమాని వచ్చేదాకా నిలబడే ఉండును.

శంక: ఓటమి లేనిది ఆట ఎట్లా అగును?

సమాధానం: ఆడేవారు గెలుపు కోసం రాలేదు. అమెరికా మనోవిజ్ఞానులు డెసీ, రయాన్ మనిషికి మూడు కావాలన్నారు: తన ఇష్టాన తాను నడవడం, చేసిన పని చేతనవుతోందన్న నమ్మకం, నలుగురితో పొత్తు. బ్యాంకు కౌంటరులో పగలంతా గడిపిన మనిషికి మూడింట్లో ఏది దక్కింది? ఇక్కడ విత్తితే మొలుస్తుంది, కోస్తే గాదెకు చేరుతుంది. పని మొదలైంది, అయిపోయింది. ఆఫీసులో ఏ పని అయిపోయింది గనుక!

ఊరి మీద బెంగ కూడా కారణమే. 1996లో హార్వెస్ట్ మూన్ అనే సేద్యపు ఆటను రూపొందించిన యసుహిరో వాడా పల్లెలో పెరిగి టోక్యో చేరినవాడు. మన పామర్రు, అవనిగడ్డల నుంచి బెజవాడ పటమట చేరినవారికి ఆయన చుట్టమే.

ఇక కౌలు బాకి లేదు అన్నచోట వ్యాఖ్యాత కాస్త ఆగవలసి ఉన్నది. బాకి ఎవరిది? ఆడేవారిది కాదు. వారిలో పలువురికి ఊళ్లో నాలుగైదు ఎకరాలున్నవి. దున్నేది కౌలుదారు, బస్తాల లెక్కన కౌలు అందుకునేది వీరు. పట్టా వీరి పేర, అప్పు అతని పేర. ఫోనులో మాత్రం కౌలుదారు లేడు. విత్తేదీ కోసేదీ వీరే, గింజంతా వీరిదే, ఎవరి మొహమూ చూడనక్కరలేదు. తాతగారి నాగలి మళ్లీ చేతికొచ్చినట్టు ఉంటుంది, తాతగారి అప్పులు రాకుండా. ఈ సుఖం టోక్యో వాడాకు తోచిందో లేదో గాని డెల్టా వారికి బాగా తెలుసు.

తాత్పర్యం: వ్యవసాయంలో చాకిరీ జనం వద్దనుకోలేదు, చాకిరీ చేశాక గింజ దక్కుతుందో లేదో అన్న దిగులు వద్దనుకున్నారు. అది తీసేసిన సేద్యం ఫోనులోనే దొరుకుతున్నది.

ఫలశ్రుతి: ఈ పద్యం చదివినవారు ఆట మానవలసిన పని లేదు. నిరుడు గింజ తడిసి ఉంటే మాత్రం ఊరికి ఒక్క ఫోను చేసి, ఈసారి కౌలులో రెండు బస్తాలు తగ్గించుకుంటామని చెప్పండి.