‘వచ్చే వారం చూద్దాం’ అనే పెద్దమనిషికి

అయ్యా,

మీ పేరు రాయడం లేదు. బాలానగర్‌లోనో చర్లపల్లిలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో చిన్న షెడ్డు పెట్టుకున్న ఎవరిని అడిగినా మీరెవరో చెబుతారు. సరుకు దించుకుని బిల్లు ఆపేవారు మీరు. ఫోన్ చేస్తే ‘వచ్చే వారం చూద్దాం’ అంటారు. వచ్చే వారం అకౌంట్స్ ఆయన సెలవులో ఉంటాడు. ఆ పైవారం సంతకం పెట్టాల్సిన సారు ఊళ్లో ఉండరు.

నెల జీతం వదులుకుని మాలాంటివాళ్ళం ఎందుకు బయటికొచ్చామో మీకు చెప్పాలి. నేను డిప్లొమా చదివి ఒక పెద్ద ఫ్యాక్టరీలో సీఎన్‌సీ మీద పని చేశాను. జీతం వేళకు పడేది. కానీ నేను తీసిన ముక్క ఏ యంత్రంలోకి వెళ్తుందో తెలిసేది కాదు. డ్రాయింగులో తప్పుందని చెబితే, చెప్పింది చెయ్యమనేవారు. షిఫ్టు ఎప్పుడు అయిపోతుందా అని చూడడమే బతుకైపోయింది. సొంత షెడ్డులో డ్రాయింగు చదివేదీ నేనే, రేటు చెప్పేదీ నేనే, కుదరకపోతే కుదరదనేదీ నేనే. పీఎఫ్, ఈఎస్ఐ, పండగ బోనసు ఉండవని తెలిసే వచ్చాను. పని దొరకని నెలలుంటాయనీ తెలుసు. చేసిన పనికి డబ్బడగడానికి మీ గేటు దగ్గర విజిటర్ పాస్ రాయించుకుని బెంచీ మీద కూర్చోవడం మాత్రం నేను ఒప్పుకున్న కష్టాల్లో లేదు.

మీరు ఆపిన ఒక బిల్లు మా షెడ్డులో ఏం చేస్తుందో చూడండి. లక్ష రూపాయల పని, దాని మీద 18 శాతం జీఎస్టీ. బిల్లు కొట్టిన మర్నెల 20వ తేదీలోగా ఆ 18 వేలూ నేను ప్రభుత్వానికి కట్టాలి. మీరు నాకు ఇచ్చారా లేదా అని ఎవరూ అడగరు. నేను కట్టిన ఆ పన్నుకు మీరు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటారు. 180 రోజుల్లో నాకు డబ్బివ్వకపోతేనే దాన్ని వెనక్కి కట్టాలి. అంటే మీరు ఇవ్వని డబ్బు మీద నేను ముందే పన్ను కట్టాను, ఆ లాభం మీకు ముందే అందింది. ఈలోగా ఈఎన్8 ఉక్కు రాడ్డు అమ్మినవాడికి డబ్బివ్వాలి, కటింగ్ ఇన్సర్టులు రొక్కానికే దొరుకుతాయి, కరెంటు బిల్లుకు గడువు దాటితే ఫీజు పీకేస్తారు. లేత్ మీద పనిచేసే కుర్రాళ్ళకు జీతం ఆపడం నా వల్ల కాదు. అందుకని నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తాను. లక్ష మూడు నెలలు ఆగితే వడ్డీయే 9 వేలు. ఆ పనిలో నాకు మిగిలేది చాలాసార్లు అంతకంటే ఎక్కువుండదు. మీరు అడగకుండా, కాగితం రాయకుండా, వడ్డీ లేకుండా నా దగ్గర అప్పు తీసుకున్నారు. మీ ఫ్యాక్టరీ నా షెడ్డుకంటే ఎన్నో రెట్లు పెద్దది.

మీ క్వాలిటీ విభాగం వాళ్ళంటే నాకు గౌరవం. బుష్ బోరులో మైక్రోమీటరు పెట్టి 0.02 మిల్లీమీటరు తేడా పట్టుకుంటారు. తేడా ఉంటే లాటంతా వెనక్కి పంపుతారు, నేను మారు మాట్లాడకుండా తెచ్చుకుని మళ్ళీ చేస్తాను. పని అంటే అలాగే ఉండాలి. అంత పట్టింపు ఉన్న చోట చెల్లింపు తేదీకి విలువ ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

చట్టం లేదనకండి. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఒప్పందంలో ఏం రాసుకున్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. మీ ఆర్డరు కాగితం మీద అచ్చేసిన ‘90 రోజులు’ చట్టం ముందు నిలవదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదుకు 2017లోనే సమాధాన్ పోర్టల్ తెచ్చారు. గడువు దాటిన బిల్లును చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలని 2023 ఫైనాన్స్ చట్టం ఆదాయపు పన్నులోనూ చేర్చింది. అప్పుడు మీరు చేసిందేమిటి? చిన్న పరిశ్రమగా ఉద్యమ్ నమోదు ఉన్నవాళ్ళ దగ్గర ఇక కొనలేమన్నారు.

మా నోరు నొక్కింది ఆ మాటే. ఫిర్యాదు పెడితే ఆ బిల్లు వస్తుందేమో గానీ, తర్వాతి ఆర్డరు రాదు. మీ కొనుగోలు విభాగం నుంచి ఇంకో ఫ్యాక్టరీకి ‘ఆయన కేసులు వేసే మనిషి’ అని కబురు వెళ్తుంది. మా వీధిలో పనితనంలో నాకంటే గట్టి మనిషి ఒకాయన షెడ్డు మూసేసి మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాడు. ఆయనకు పని తక్కువై కాదు. వసూలు చేసుకోలేక. సొంతంగా చేసుకోవడం అందరికీ అబ్బదని చుట్టాలు తేల్చేశారు. ఆ నింద ఆయన మీద పడకూడదు, మీ మీద పడాలి.

యజమాని కనబడని శ్రమ ఈ దేశంలో ఎప్పుడూ కష్టాలే పడింది. 1972లో అహ్మదాబాద్‌లో ఇలా భట్ అనే ఆమె స్వయం ఉపాధి మహిళల సంఘం ‘సేవా’ను నమోదు చేయించబోతే, యజమానే లేనప్పుడు కార్మిక సంఘం ఏమిటని అధికారులు అడ్డుపడ్డారు. ఎవరితో కొట్లాడతారని అడిగారట. కొట్లాడడానికి కాదు, కలిసి నిలబడడానికని ఆ ఆడవాళ్ళు పట్టుబట్టి సాధించుకున్నారు. 2023-24 కేంద్ర శ్రామిక సర్వే లెక్కలో పనిచేసేవాళ్ళలో 58.4 శాతం స్వయం ఉపాధిలోనే ఉన్నారు. వీళ్ళలో చాలామంది వేరే దారి లేక వచ్చినవాళ్ళు, నాలాంటివాళ్ళు కొందరు కోరి వచ్చినవాళ్ళు. మీ ‘వచ్చే వారం’ ముందు ఆ తేడా ఏమీ లేదు.

నేను ఉద్యోగానికి తిరిగి వెళ్ళను. మా వీధి షెడ్లవాళ్ళం మాట్లాడుకున్నాం. ఇకనుంచి మా ప్రతి బిల్లు మీదా ఉద్యమ్ నంబరు, చెల్లించాల్సిన ఆఖరు తేదీ అచ్చులో ఉంటాయి. ఒకరికి బాకీ పెట్టినవాళ్ళకు మిగతావాళ్ళం అడ్వాన్సు లేకుండా పని మొదలుపెట్టం. ఫిర్యాదు పెట్టాల్సి వస్తే అందరి బిల్లులూ ఒకే రోజు పెడతాం.

మీ నుంచి అడిగేది ఇదొక్కటే. తేదీ మీరే చెప్పండి, 45 రోజుల లోపు ఏదైనా సరే. ఆ తేదీకి ఇవ్వలేని స్థితిలో ఉంటే డెలివరీ చలాన్ మీద సంతకం పెట్టకముందే చెప్పండి. బండి వెనక్కి తిప్పుకుని, ఆ మెషీను మీద ఇంకొకరి పని ఎక్కిస్తాను.

ఇట్లు,
బాలానగర్ నుంచి మీ జాబ్‌వర్క్ మనిషి