విక్రయ నిబంధనావళి: ‘కంఠశోష’ వ్యాఖ్యాసహితము

అవతారిక: ఒకానొక నవలాకర్త తన గ్రంథమును తానే అచ్చువేయించి, తానే ఆన్‌లైన్‌లో అంగడి తెరచి, కొనవచ్చిన పాఠకుని గుమ్మం దగ్గరే నిలువరింపదలచి ఈ నిబంధనావళిని వెలయించెను. మన మెదకు సీమ కొలిచెలమవాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ వ్రతం పట్టి కాళిదాసుకు సంజీవని రాశాడు. ఆయన ముందున్నది రఘువంశం కనక ఆ వ్రతం చెల్లింది. నా ముందున్న మూలంలో అక్కర్లేనిది తప్ప మరొకటి లేదు.

మూలము: “మేము, మా అనుబంధ సంస్థలు, మా విశ్వసనీయ భాగస్వాములు మీ గోప్యతకు అత్యంత విలువనిస్తాము.”

టీక: మేము = నవలాకర్త ఒక్కడే; అనుబంధ సంస్థలు = సైటు చేసిపెట్టిన బావమరిది; భాగస్వాములు = కొరియర్ కుర్రాడు. తక్కినది సుగమము. ‘మేము’ అను బహువచనము పూజార్థకము. పూజించువాడును పూజ్యుడును ఒక్కడే అయినచోట సంస్కృతమున ఆత్మనేపదము, తెలుగున ‘కొను’ వచ్చును. రాసికొన్నాడు, అచ్చు వేయించికొన్నాడు, పొగడికొన్నాడు. ఒట్టి ‘కొను’ పాఠకునికి మిగిలినది.

మూలము: “మీ పేరు, చిరునామా, ఫోను నంబరు, పుట్టినతేదీ, అభిరుచులు సేకరించబడును.”

విశేషాంశము: గ్రంథం పుచ్చుకునేవాడి వివరాలు సేకరించడం మనకు కొత్త కాదు. ఏ ప్రబంధం తెరిచినా కృతిపతి గోత్రం, తాతతండ్రులు, అన్నదమ్ములు, ఇల్లాళ్లు వరసగా నడిచివస్తారు. షష్ఠ్యంతాలు దాటితేగాని కథ మొదలుకాదు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయసెట్టికి అంకితమిచ్చాడు. కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సరఫరా చేసిన ఇల్లు అది. సింహళం నుంచి ఏనుగులు, హురుముంజి నుంచి గుర్రాలు, గోవా నుంచి జవ్వాది, భోట దేశం నుంచి కస్తూరి, చీనా నుంచి పట్టుబట్టలు. ఆ సెట్టిగారి ఇంటి సరకు ఏ దేశం నుంచి దిగేదో అవతారికలో ఏకరువు పెట్టేశాడు మహానుభావుడు. పోటీ వర్తకుడెవడైనా పద్యం కంఠతా పట్టి ఓడ ఎక్కి ఉంటాడా అని నాకెప్పుడూ అనుమానమే. ఇంతకంటే బట్టబయలైన వ్యాపార రహస్యం లేదు, ఇంతకంటే సంతోషించిన ఖాతాదారూ లేడు. ఎందుకంటే వివరాలు పదిమందికీ తెలియడమే సెట్టిగారు కోరుకున్న ఫలం. ఆ తర్వాతి కాలాన పోస్టుకార్డు మీద పేరూ ఊరూ రాసి పడేస్తే వి.పి.పి.లో పుస్తకం వచ్చేది. పోస్టుమాన్ చేతిలో డబ్బు పెట్టి, పురికొస తెంపి, అరుగుమీదే చదవడం మొదలెట్టేవాళ్లు. పుట్టినతేదీ ఎవరడిగారు?

ఎక్కడున్నాం? ఆఁ, పుట్టినతేదీ. అది ఇస్తేగాని బండి ముందుకు కదలనంది, ఇచ్చాను. మర్నాటికి నా నంబరు ఒక వాట్సాప్ గ్రూపులో తేలింది. పొద్దున్నే గులాబీపూల శుభోదయాలు, మధ్యాహ్నం ఆవిష్కరణ సభ ఆహ్వానాలు, రాత్రికి శాలువాతో రచయిత. కొన్నవాళ్లందరి నంబర్లూ అందరికీ కనిపిస్తున్నాయి. గోప్యతకు విలువనిచ్చే మొదటి మూలంతో కలిపి చదివితే విరోధాభాసాలంకారమని కొందరందురు. అది సరికాదు. ఆభాస ఏమీ లేదు, అచ్చమైన విరోధమే.

మూలము: “అమ్మిన సరకు వాపసు తీసుకోబడదు. వివాదములు డెలావేర్ రాష్ట్ర న్యాయస్థానముల పరిధికి లోబడును.”

పాఠపరిష్కారము: దీనికి నాలుగు పంక్తుల కింద “చొక్కా కొలత సరిపోనిచో” అని ఒక వాక్యం చెరగకుండా మిగిలిపోయింది. దీనిచేత మాతృక ఏదో అమెరికా చొక్కాల దుకాణమనియు, మనవాడు కేవలము లేఖకుడనియు సిద్ధించుచున్నది. విజయవాడలో అచ్చయి, హైదరాబాదులో అమ్ముడైన తెలుగు నవల కోసం నేను డెలావేర్ వెళ్లాలట!

నా ప్రతిలో 49 నుంచి 64వ పేజీ దాకా ఉన్న ఫారం రెండుసార్లు కుట్టారు. 65 నుంచి 80 దాకా లేనే లేదు. నాయిక రాజమండ్రి స్టేషన్లో రైలు కోసం రెండుసార్లు ఎదురుచూసి, 81వ పేజీలో కూతురి పెళ్లి చేసేస్తోంది. మధ్యలో ఈవిడ పెళ్లి ఎప్పుడైంది స్వామీ అని రాస్తే, “నిబంధనలు చదువుకోగలరు” అని జవాబు. చదివాను. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలూ చదివాను. లోపమున్న సరకు వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఫిర్యాదు వినే మనిషి పేరు పెట్టాలి, 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. 2023 నాటి డేటా రక్షణ చట్టమైతే పనికి అవసరమైన వివరాలే అడగమంటుంది. నోటీసును ఇంగ్లీషులోగాని, ఎనిమిదో షెడ్యూలు భాషల్లోగాని చదువుకునే వీలు ఇవ్వమంటుంది. ఆ షెడ్యూలులో తెలుగుంది. ‘సేకరించబడును, తీసుకోబడదు’ అనేది అందులో ఉందో లేదో పండితులు చెప్పాలి.

తాత్పర్యము: అయ్యా నవలాకర్తా, పుస్తకం ఎన్నాళ్లకు పంపుతారు, తపాలా ఖర్చెంత, ఫారం పోతే ఎవరికి ఫోను చేయాలి, పుస్తకం చేరాక మా నంబర్లు ఏం చేస్తారు, ఈ నాలుగూ మీ నవల్లో రాసే తెలుగులోనే రాయండి. నన్ను ఆ గ్రూపులోంచి తీసేయండి. ఆ పదహారు పేజీలు పంపండి. పోస్టు ఖర్చు నేనే పెట్టుకుంటాను.